దారి మూసుకుపోయిన బంతి: స్నూకర్‌కు పేరు పెట్టిన నెవిల్ చాంబర్లేన్

బల్లపై తెల్లబంతి ఒక చోట ఉంది. కొట్టవలసిన ఎర్రబంతి మరొక చోట ఉంది. ఆ రెండింటి నడుమ తాకకూడని బంతి ఒకటి నిలిచి ఉంది. సూటిగా కొట్టడానికి దారి లేదు, కొట్టకుండా ఊరుకోవడానికి నియమం ఒప్పుకోదు. ఈ ఇరకాటానికే స్నూకర్ అని పేరు. ఆ ఇరకాటం ఉన్న ఆటకూ అదే పేరు. పలుకుబడిలో ఇంగ్లండుకు చెందినదైనా, ఈ మాట ఆటగా మారినది మన జబల్‌పూర్‌లో, 1875లో, వర్షాకాలంలో, ఒక సైనిక పటాలపు భోజనశాలలో. ఆ పేరు పెట్టిన యువ అధికారి నెవిల్ ఫ్రాన్సిస్ ఫిట్జ్‌జెరాల్డ్ చాంబర్లేన్.

ఈ పేరు వినగానే చాలామందికి హిట్లర్‌తో మ్యూనిక్ ఒప్పందం చేసుకున్న బ్రిటిష్ ప్రధాని గుర్తుకు వస్తారు. ఆయన వేరు, ఈయన వేరు. ఈ చాంబర్లేన్ 1856 జనవరి 13న ఇంగ్లండులో జన్మించారు. తండ్రి భారతదేశంలో పనిచేసిన సైనికాధికారి. పెదతండ్రి సర్ నెవిల్ బోల్స్ చాంబర్లేన్ అఫ్గాన్, సిక్కు యుద్ధాలలోనూ 1857 నాటి ఢిల్లీ ముట్టడిలోనూ పాల్గొని, తరువాతి కాలంలో ఫీల్డ్ మార్షల్ హోదా అందుకున్నారు. అటువంటి ఇంట పుట్టిన బాలుడికి వృత్తి ఎంపిక పెద్ద సమస్య కాదు. శాండ్‌హర్స్ట్ సైనిక కళాశాలలో చదివి, 1873లో డెవన్‌షైర్ రెజిమెంటులో చేరారు. రెండేళ్లకు ఆ పటాలం జబల్‌పూర్‌లో ఉంది. ఆయన వయసు అప్పటికి 19.

మధ్య భారతంలో వాన మొదలైతే కవాతు ఆగిపోతుంది, వేట ఆగిపోతుంది, పోలో మైదానం బురద అవుతుంది. అధికారులకు మిగిలేది బిలియర్డ్స్ గది. అసలు బిలియర్డ్స్ మూడు బంతులతో ఇద్దరు ఆడే ఆట. గదిలో పదిమంది ఉంటే ఎనిమిది మంది చూస్తూ కూర్చోవాలి. అందుకే ఎక్కువమంది కలిసి, కొద్దిపాటి పందెంతో ఆడుకునే ఆటలు అప్పటికే వాడుకలో ఉండేవి. త్రికోణంగా పేర్చిన 15 ఎర్రబంతులను గుంటల్లో వేసే పిరమిడ్స్ ఒకటి. ఒక్కో ఆటగాడికి ఒక్కో రంగు బంతి ఇచ్చి, దానిని గుంటలో వేయించుకున్నవాడు ఒక ప్రాణం పోగొట్టుకునే లైఫ్ పూల్ మరొకటి. దానికి నల్లబంతి చేరిస్తే బ్లాక్ పూల్. జబల్‌పూర్ గదిలో ఎక్కువగా నడిచినది ఈ చివరిదే.

చాంబర్లేన్ చేసిన పని చెప్పుకోవడానికి చిన్నదే. పిరమిడ్స్‌లోని ఎర్రబంతులనూ బ్లాక్ పూల్‌లోని నల్లబంతినీ ఒకే బల్లపైకి తెచ్చి, పసుపు, ఆకుపచ్చ, గులాబి బంతులను చేర్చారు. నీలం, గోధుమ రంగులవి కొంతకాలం తరువాత వచ్చాయి. ఒక్కో రంగుకు ఒక్కో విలువ. కొత్త ఆటకు పేరు మాత్రం లేదు.

ఆ పేరు దొరికిన తీరును ఆయనే వృద్ధాప్యంలో వివరించారు. ఫిరంగిదళానికి చెందిన ఒక యువ అధికారి అతిథిగా వచ్చాడు. మాటల మధ్యలో, తాను చదివిన వూలిచ్ సైనిక అకాడమీలో మొదటి సంవత్సరం విద్యార్థులను స్నూకర్లని ఎగతాళి చేస్తారని చెప్పాడు. కొత్తవాడు, ఏమీ తెలియనివాడు అని ఆ మాటకు అర్థం. కొంతసేపటికి ఆటగాళ్లలో ఒకరు గుంట అంచున ఉన్న సులువైన బంతిని వేయలేకపోయారు. చాంబర్లేన్ ఆయనను స్నూకర్ అని పిలిచారు. ఆయన నొచ్చుకున్నట్టు కనిపించేసరికి, ఈ కొత్త ఆటలో మనమందరమూ స్నూకర్లమే కదా అని సర్దిచెప్పారు. ఆటకు ఆ పేరు పెడితే బాగుంటుందని అక్కడున్నవారందరికీ తోచింది. అలా నిలిచిపోయింది.

ఈ వృత్తాంతంలో కనిపించని మనుషులు కొందరున్నారు. అటువంటి గదుల్లో లెక్క చెప్పేందుకు, బంతులు తిరిగి పెట్టేందుకు, బల్ల బట్టను బ్రష్షుతో సవరించేందుకు భారతీయ మార్కర్లు ఉండేవారు. క్యూ పట్టుకుని అతిథిగా ఆడే హక్కు వారికి లేదు. ఆటను రోజంతా దగ్గరగా చూసినవారు మాత్రం వారే. మన దేశంలో ఈ ఆట క్లబ్బు గోడలు దాటి రావడానికి ఆ వర్గం చేసిన మేలును చరిత్రకారులు ఇంకా సరిగా రాయలేదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఇక్కడ ఆటలోని అసలు చిక్కును కొంచెం ఆగి చూడాలి. బంతిని గుంటలో వేయడం చేతి నేర్పు. దారి లేనప్పుడు ఏ దెబ్బ కొట్టాలో తేల్చుకోవడం వేరే విద్య. తెల్లబంతి నల్లబంతి వెనుక దాగి ఉంది, ఎర్రబంతులు బల్లకు ఆ కొసన ఉన్నాయి అనుకుందాం. మూడు దారులు కనిపిస్తాయి. క్యూ వెనుక భాగాన్ని పైకెత్తి, తెల్లబంతిని పక్కకు కొట్టి, అది అడ్డు బంతిని చుట్టి వంపు తిరిగేలా చేయడం ఒకటి. పక్క కుషన్‌కు ఒకసారి తగిలించి మళ్లించడం రెండవది. రెండు కుషన్లకు తగిలించి తేవడం మూడవది. కొత్త ఆటగాడు దగ్గర దారినే ఎంచుకుంటాడు. తగిలితే చాలు అనుకుంటాడు.

తగలకపోతే ఏమవుతుందన్నది అనుభవజ్ఞుడి మొదటి ప్రశ్న. తప్పు దెబ్బకు కనీసం 4 పాయింట్లు ప్రత్యర్థికి పోతాయి. పొరపాటున నల్లబంతిని ముందు తాకితే 7 పోతాయి. అంటే నల్లబంతి పక్క నుంచి వంపు తిప్పే దెబ్బకూ, దానికి దూరంగా కుషన్ మీదుగా వెళ్లే దెబ్బకూ ఖరీదు ఒకటి కాదు. తగిలితే ఏమవుతుందన్నది రెండవ ప్రశ్న. ఒంటరిగా ఉన్న ఎర్రబంతిని తాకడం కంటె గుంపుగా ఉన్న ఎర్రబంతుల వైపు పంపడం మేలు, ఎందుకంటే అంగుళమో రెండంగుళాలో గురి తప్పినా ఏదో ఒకటి తగులుతుంది. ఆ గుంపును బలంగా కొడితే ఎర్రబంతులు చెదిరి ప్రత్యర్థికి పంట పండుతుంది. కాబట్టి తెల్లబంతి అక్కడికి చేరేసరికి ఊపిరి అయిపోయినట్టు మెల్లగా ఆనుకొని నిలవాలి. వేగం తగ్గితే మరొక మేలు ఉంది. మెల్లగా వెళ్లిన బంతి కుషన్ నుంచి వచ్చిన కోణంలోనే దాదాపు తిరిగి వెళుతుంది, బలంగా కొట్టినది రబ్బరులో కూరుకొని ఇరుకు కోణంలో వెనక్కు వస్తుంది. పక్క తిప్పుడు ఇస్తే ఆ లెక్క మళ్లీ మారుతుంది. జబల్‌పూర్ వానల్లో తేమ పట్టిన బట్టపై, ఏనుగు దంతపు బంతులతో ఆ లెక్క వేయడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు.

నేడు ఫోన్లలోనూ పట్టణాల్లోని పార్లర్లలోనూ మన యువత ఎక్కువగా ఆడే ఎయిట్ బాల్ పూల్‌లో ఇదే ఇరకాటానికి జవాబు వేరు. అక్కడ తప్పు చేస్తే పాయింట్లు పోవు. ప్రత్యర్థి తెల్లబంతిని చేతిలోకి తీసుకుని బల్లపై తనకు నచ్చిన చోట పెట్టుకుంటాడు. ఒక మంచి ఆటగాడికి అంతకు మించిన వరం ఉండదు, వరుసగా తన బంతులన్నీ వేసి 8వ నంబరు నల్లబంతితో ముగించగలడు. పైగా అంతర్జాతీయ నియమాల ప్రకారం, సరైన బంతిని తాకిన తరువాత ఏదో ఒక బంతి గుంటలో పడాలి, లేదా కుషన్‌ను తాకాలి. స్నూకర్‌లో మెచ్చుకోదగిన ఆ మెత్తని ఆనుడు దెబ్బ ఇక్కడ తప్పు అవుతుంది. అందుచేత పూల్ ఆటగాడు కొంచెం బలం కలిపి, తన బంతిని ప్రత్యర్థికి అవసరమైన గుంట ముందుకు చేర్చే మార్గం వెదకుతాడు. బల్లపై బంతులు అదే అమరికలో ఉన్నా, శిక్ష మారితే సరైన దెబ్బ మారుతుంది.

చాంబర్లేన్ జబల్‌పూర్‌లో ఎక్కువకాలం ఉండలేదు. 1876లో సెంట్రల్ ఇండియా హార్స్ అనే అశ్వదళంలోకి మారారు, ఆటను వెంట తీసుకుపోయారు. రెండవ అఫ్గాన్ యుద్ధంలో జనరల్ ఫ్రెడరిక్ రాబర్ట్స్ కింద పనిచేసి గాయపడ్డారు. రాబర్ట్స్‌కు ఆయనపై నమ్మకం కుదిరింది. తరువాతి ఇరవై ఏళ్ల ఉద్యోగ జీవితాన్ని ఆ నమ్మకమే నడిపిందనవచ్చు. 1881లో రాబర్ట్స్ మద్రాసు సైన్యానికి సేనాధిపతి అయినప్పుడు చాంబర్లేన్ ఆయన పరివారంలో ఉన్నారు. వేసవి వస్తే మద్రాసు ప్రభుత్వం ఊటీకి తరలేది. నేటి కోస్తా జిల్లాల, రాయలసీమ జిల్లాల దస్తావేజులు కూడా ఆ కొండ ఎక్కి దిగిన రోజులవి.

ఊటీ క్లబ్బు భవనానికి తెలుగునేలతో విచిత్రమైన సంబంధం ఒకటుంది. దానిని 1830ల ఆరంభంలో కట్టించిన సర్ విలియం రంబోల్డ్, హైదరాబాదులో నిజాం ప్రభుత్వానికి భారీ వడ్డీలకు అప్పులిచ్చి అపఖ్యాతి పాలైన పామర్ కంపెనీలో భాగస్వామి. ఆ తెల్లని స్తంభాల భవనంలోని బిలియర్డ్స్ గదిలోనే 1880ల ప్రథమార్ధంలో స్నూకర్ నియమాలను వ్రాసి గోడకు తగిలించారు. అంతవరకు ఒక్కో పటాలం ఒక్కో పద్ధతిలో ఆడుకున్న ఆటకు ఒక కట్టుబాటు వచ్చింది. వేసవికి వచ్చిన అధికారులు తిరిగి వెళ్లేటప్పుడు ఆ నియమాలను తమ తమ కంటోన్మెంట్లకు తీసుకుపోయారు.

ఇంగ్లండుకు ఆట చేరడం గురించి సాధారణంగా చెప్పే కథ ఇది. ఆనాటి మేటి బిలియర్డ్స్ ఆటగాడు జాన్ రాబర్ట్స్ జూనియర్ 1885లో కలకత్తా వచ్చారు. కూచ్ బెహార్ మహారాజు విందులో చాంబర్లేన్‌ను కలిసి, నియమాలు అడిగి తెలుసుకున్నారు. విందు సంగతి ఎలా ఉన్నా, ఆ తరువాతి కాలంలో ఇంగ్లండులో బల్లలు, బంతులు తయారుచేసేవారికి ఈ ఆట మంచి వ్యాపారం అయింది. మూడు బంతులు కొనేవాడు ఇప్పుడు ఇరవై రెండు కొంటాడు కదా.

ఆ తరువాతి ఉద్యోగాలను త్వరగా చెప్పుకోవచ్చు. బర్మా యుద్ధం, కాశ్మీర్ సంస్థానంలో సైనిక కార్యదర్శి పదవి, ఖైబర్ దళానికి నాయకత్వం, బోయర్ యుద్ధంలో మళ్లీ రాబర్ట్స్ వద్ద ఆంతరంగిక కార్యదర్శిత్వం. 1900లో ఆయన జీవితంలో అతి కఠినమైన నియామకం వచ్చింది. ఐర్లండ్‌లో రాయల్ ఐరిష్ కాన్‌స్టాబ్యులరీ అనే సాయుధ పోలీసు దళానికి ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యారు. సుమారు 10,000 మంది బలగం. వారిలో అధికభాగం ఐరిష్ కాథలిక్కులే. పల్లెపల్లెనా వారి ఠాణాలు ఉండేవి. ప్రతి నెలా జిల్లాల నుంచి వచ్చే సమాచారాన్ని క్రోడీకరించి డబ్లిన్ కోటలోని ప్రభుత్వానికి నివేదిక పంపడం ఆయన పని.

1914 నాటికి ఆ నివేదికల నిండా తుపాకుల వార్తలే. ఉత్తరాన బ్రిటన్‌తో కలిసి ఉండాలనే అల్‌స్టర్ వాలంటీర్లు, దక్షిణాన స్వపరిపాలన కోరే ఐరిష్ వాలంటీర్లు ఇద్దరూ ఓడల్లో ఆయుధాలు దించుకున్నారు. యుద్ధం మొదలైన తరువాత ఐరిష్ వాలంటీర్లలో ఒక వర్గం తిరుగుబాటుకు సిద్ధపడుతున్నదన్న సమాచారం చాంబర్లేన్ దళానికి అందుతూనే ఉంది. ఆయన దానిని పైకి పంపుతూనే ఉన్నారు. చీఫ్ సెక్రటరీ ఆగస్టీన్ బిరెల్, అండర్ సెక్రటరీ సర్ మాథ్యూ నేథన్ వాటిని చదివారు. ఆయుధాలు లాక్కుంటే రక్తపాతమవుతుంది, వదిలేస్తే అది తనంత తాను చల్లారవచ్చు అన్నది వారి అంచనా. వారి భయం ఒట్టిది కాదు. ఐరిష్ ప్రజలు యుద్ధంలో బ్రిటన్ పక్షాన నిలవాలంటే డబ్లిన్ వీధుల్లో తుపాకులు పేలకూడదు. అయితే ఆ నిర్ణయంలో పోలీసు అధిపతికి పాత్ర లేదు. బల్లను అందరికంటె దగ్గరగా చూస్తున్నవాడి చేతిలో క్యూ లేదు.

1916 ఏప్రిల్ 21న జర్మనీ నుంచి జలాంతర్గామిలో వచ్చి కెర్రీ తీరంలో దిగిన రోజర్ కేస్‌మెంట్‌ను చాంబర్లేన్ దళం పట్టుకుంది. ఆ విజయమే ప్రభుత్వాన్ని ఏమరుపాటులో పడేసింది. ముప్పు తప్పిందనుకున్నారు. ఏప్రిల్ 24న, ఈస్టర్ మరునాడు, డబ్లిన్‌లో తిరుగుబాటు మొదలైంది. వారం రోజుల్లో అణచివేశారు. తరువాత 15 మంది నాయకులను కాల్చి చంపారు. తిరుగుబాటు చేసినవారిని అంతవరకు తప్పుపట్టిన ఐరిష్ జనం ఆ మరణశిక్షలతో వారి వైపు మళ్లింది. ఆ ఐరిష్ పోరాటం నుంచే స్వపరిపాలనకు హోం రూల్ అన్న పేరు తీసుకుని, అదే ఏడాది మద్రాసులో అనిబిసెంట్ తన లీగును స్థాపించారు.

విచారణ సంఘానికి అధ్యక్షుడిగా వచ్చినవారు అప్పుడే భారత వైస్రాయి పదవి ముగించుకుని వెళ్లిన లార్డ్ హార్డింజ్. హెచ్చరికలు అందినా చర్య తీసుకోలేదని సంఘం బిరెల్‌నూ నేథన్‌నూ తప్పుపట్టింది. చాంబర్లేన్ దళం విధేయతను మెచ్చుకుంది. మెప్పు అందేసరికి ఆయన పదవి విడిచారు. ఇంగ్లండులో ఆస్కట్ దగ్గర స్థిరపడ్డారు. ఐరిష్ చరిత్రలో ఆయన స్థానం సానుభూతి పొందేది కాదు. పరాయి ప్రభుత్వపు పోలీసు అధిపతిగానే ఆయనను అక్కడ గుర్తుంచుకుంటారు, అందులో అన్యాయం లేదు.

ఈలోగా స్నూకర్ తన దారిన తాను పెరిగింది. 1927లో బర్మింగ్‌హామ్‌లో తొలి వృత్తి ఆటగాళ్ల చాంపియన్‌షిప్ ముగిసింది. గెలిచిన జో డేవిస్‌కు దక్కిన నగదు ఆరు పౌండ్ల పది షిల్లింగులు. తెల్లబంతిని తరువాతి బంతికి అనువుగా నిలుపుకుంటూ పోయే పద్ధతిని శాస్త్రంగా మలచినది ఆయనే. 1930ల్లో ఈ ఆట బిలియర్డ్స్‌ను వెనక్కు నెట్టింది. అప్పుడు దాని పుట్టుక గురించి పత్రికల్లో చర్చ మొదలైంది. వూలిచ్ అకాడమీలో పుట్టిందని కొందరు వ్రాశారు. మాట వూలిచ్‌ది కనుక ఆట కూడా వూలిచ్‌దే అనుకోవడం సహజం.

చాంబర్లేన్‌కు అప్పటికి 82 ఏళ్లు. జబల్‌పూర్ భోజనశాలలో ఆయనతో ఆడినవారు చాలామంది గతించారు. సాక్ష్యంగా నిలిచే కాగితం ఆయన చేతిలో లేదు. మాట్లాడకుంటే ఊహాగానమే చరిత్ర అవుతుంది. 1938 మార్చి 19న ది ఫీల్డ్ పత్రికలో ఆయన లేఖ అచ్చయింది. జబల్‌పూర్, వానాకాలం, రంగుబంతులు, ఆ అతిథి మాట, ఊటీ నియమాలు అన్నీ వరుసగా చెప్పారు. ప్రధాని చాంబర్లేన్ పేరు రోజూ పతాకశీర్షికల్లో ఉన్న సంవత్సరమది, కొందరు పాఠకులు తికమకపడి ఉంటారు. ఈ లేఖకు పాత సైనికాధికారులు కొందరు తమ జ్ఞాపకాలతో బలం చేకూర్చారు. మరుసటి ఏడాది నవలాకారుడు కాంప్టన్ మెకెంజీ ది బిలియర్డ్ ప్లేయర్ పత్రికలో ఆ వృత్తాంతాన్ని విపులంగా వ్రాశారు. ఆ తరువాత వూలిచ్ వాదన నిలబడలేదు. చాంబర్లేన్ 1944 మే 28న ఆస్కట్‌లో కన్నుమూశారు.

స్వతంత్ర భారతంలో ఈ బల్లపై తొలి వెలుగు బిలియర్డ్స్‌ది. 1958లో కలకత్తాలో విల్సన్ జోన్స్ ప్రపంచ అమెచ్యూర్ బిలియర్డ్స్ విజేత అయ్యారు. స్నూకర్‌లో తొలి ప్రపంచ అమెచ్యూర్ పోటీ కూడా 1963లో కలకత్తాలోనే జరిగింది, టైటిల్ ఇంగ్లండుకు చెందిన గ్యారీ ఓవెన్‌కు వెళ్లింది. జబల్‌పూర్‌లో పుట్టిన ఆటలో భారతీయుడొకరు ప్రపంచ అమెచ్యూర్ విజేత కావడానికి మరో 21 ఏళ్లు పట్టింది. 1984లో ఆ పని చేసినవారు ఓం అగర్వాల్. ఆ ఏడాది పోటీ జరిగిన నగరం డబ్లిన్.